రాఘవులన్న పేరున ఉన్న కారు

రాఘవులన్నకి సైకిలు తొక్కడం కూడా రాదు. అలాంటి మనిషి పేరున పద్నాలుగేళ్లపాటు ఒక తెల్ల ఓమ్నీ వ్యాను ఉంది. ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలుసు. ఆయనే మర్చిపోయాడు. కాయితాలు చదివి పెట్టడానికి ఆయన వెంట తిరిగింది నేనే కాబట్టి మొత్తం నాకు తెలుసు. నేను ఆరో తరగతితో బడి మానేశాను, ఆయన రెండుతో మానేశాడు. ఆ లెక్కన మా ఇద్దరిలో చదువుకున్నవాణ్ణి నేను.

మాది సత్తెనపల్లి శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో హమాలీల ముఠా. పద్నాలుగు మందిమి. ఎండాకాలం మిర్చి లారీలు వరసగా వచ్చి ఆగుతాయి. ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైమాటే. బయట రోళ్లు పగిలే ఎండ, లోపల చాంబర్లో పళ్లు కొట్టుకునే చలి. టిక్కీ వీపున వేసుకుని ఆ ఎండలోంచి ఈ చలిలోకి పోవాలి, పై అరలకైతే మెట్లెక్కాలి, మళ్లీ బయటికి రావాలి. ఇలా రోజంతా. ఘాటుకి మొదట్లో దగ్గొస్తుంది, తర్వాత అలవాటవుతుంది. మోకాళ్లకి మాత్రం అలవాటు కాదు. రాఘవులన్న మోకాళ్లు రెండేళ్ల కిందటే పోయాయి. పై అరల టిక్కీలు మేం అందుకుని, కింద అరలవి ఆయనకి వదిలేసేవాళ్లం. ఆయన ఏమీ అనేవాడు కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం గోడకి చేరబడి, "అరవై నిండనీరా, పింఛను రాగానే దిగిపోతా," అనేవాడు. దిగిపోవడమంటే ముఠాలోంచి దిగిపోవడం.

ఆధార్‌లో ఆయన పుట్టినరోజు జనవరి ఒకటి. మా వయసు వాళ్లలో సగం మందికి అదే పుట్టినరోజు. పోయినేడు ఆ రోజు దాటగానే మా ఊరి సచివాలయానికి పోయాం. అక్కడ ఉదయశ్రీ అని ఒక అమ్మాయి కంప్యూటర్ దగ్గర కూర్చుంటుంది. మా పక్క వీధి పిల్లే. ఆధార్ నంబరు కొట్టి, కాసేపు చూసి, మళ్లీ కొట్టింది.

"బాబాయ్, మీకు కారుందా?" అంది.

రాఘవులన్న నా మొహం చూశాడు. నాకు నవ్వొచ్చింది. "కాళ్లకి చెప్పుల్లేవమ్మా, కారేంది?" అన్నాను.

"నేను కాదు, కంప్యూటర్ చెప్తంది. నాలుగు చక్రాల బండి, మీ పేరునే. అది ఉంటే పింఛను దరఖాస్తు ముందుకు పోదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు. ఇది సొంత కారు."

ఆయన కాసేపు ఆలోచించి, మెల్లగా అన్నాడు. "అది వీరబాబు గారి కారమ్మా."

వీరబాబు గారికి మా ఊళ్లో పాతికెకరాల పైన పొలముంది, మిర్చి, పత్తి వేస్తాడు. ముఠాలోకి రాకముందు రాఘవులన్న ఇరవై రెండేళ్లు ఆయన దగ్గర జీతానికున్నాడు. నీళ్లు కట్టడం, మందు కొట్టించడం, కల్లంలో కాయ ఎండబెట్టించి రాత్రి కాపలా పడుకోవడం, అన్నీ ఆయనే. సంతకం పెట్టడం కూడా ఆ ఇంట్లోనే నేర్చుకున్నాడు. వీరబాబు గారి తల్లిని ఊరంతా పెద్దమ్మగారు అనేవాళ్లం. ఆవిడ ఒక వానాకాలం వసారాలో కూర్చోబెట్టి, నేల మీద సుద్దముక్కతో ఆయన పేరు రాసి, దాని మీదే దిద్దించింది. నెలరోజులు పట్టిందట.

ఆ పెద్దమ్మగారికి గుండె జబ్బు వచ్చింది. తెల్లకార్డు ఉంటే ఆపరేషను ఉచితంగా అవుతుంది. పాతికెకరాల ఇంటికి తెల్లకార్డు ఎలా వచ్చిందని అడగకూడదు, మా వైపు అది ఎవరూ అడగరు. అదే ఏడు మిర్చికి మంచి ధర వచ్చి వీరబాబు గారు ఓమ్నీ కొన్నాడు. ఇంటివాళ్ల పేరున కారుంటే కార్డు పోతుందని ఎవరో చెప్పారు. అందుకని కారు రాఘవులన్న పేరున రాయించాడు. మా వైపు ఇలా పేరివ్వడం కొత్తేం కాదు. నమ్మకస్తుణ్ణి చూసుకుని అతని పేరున పెడతారు. అడిగించుకున్నవాడికి అది గౌరవం. కాదంటే ఉప్పు తిన్నవాడు విశ్వాసం తప్పినట్టు.

"ఆవిడ నేర్పిన సంతకం. ఆవిడ కోసం పెట్టా," అన్నాడు రాఘవులన్న, నేను గట్టిగా అడిగినప్పుడు.

ఆ రోజు పెట్టిన సంతకం ఒకటి కాదు. బండి కొన్న కాయితాల మీద పెట్టాడు. దాంతోపాటు రేపు ఎవరికైనా అమ్ముకోవాల్సి వస్తే ఉంటాయని, పేరు మార్పిడి ఫారాలు ఖాళీవి ఓ కట్ట తెస్తే వాటి మీదా పెట్టాడు. ఎవరికి అమ్మినట్టు, ఎప్పుడు అమ్మినట్టు, ఏమీ రాయని ఫారాలు. ఆపరేషను బాగానే అయింది. పెద్దమ్మగారు ఇంకో ఆరేళ్లు బతికింది. కారు మాత్రం ఎప్పుడో అమ్మేశారు. రాఘవులన్న దాన్ని తుడిచాడు, కడిగాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఒక్కసారి కూడా దాంట్లో కూర్చోలేదు.

సచివాలయం నుంచి నేరుగా వీరబాబు గారింటికి పోయాం. ఆయన మంచివాడు కాదని నేను అనను. మమ్మల్ని కూర్చోమని, టీ ఇప్పించి, సంగతంతా విన్నాడు. చీరాలలో ఒక చీరల వ్యాపారికి అమ్మానని, ఆయన చనిపోయాడని, ఆ తర్వాత బండి ఎవరి చేతుల్లోకి పోయిందో తెలియదని చెప్పాడు. దాన్ని ఎక్కడని వెతుకుతాం, ఆర్సీ ఎక్కడని పట్టుకుంటాం అన్నాడు. తర్వాత జేబులోంచి డబ్బు తీసి రాఘవులన్న చేతిలో పెట్టాడు.

"పింఛను నాలుగు వేలేగా? నెలనెలా నా దగ్గర తీసుకోరా. గవర్నమెంటు కంటే నేను తక్కువా?"

రాఘవులన్న సరేనన్నాడు. ఆయన ఎప్పుడూ సరేననే అంటాడు. వీరబాబు గారు రెండు నెలలు ఇచ్చాడు. మూడో నెల ఒంగోలు పెళ్లికి పోయాడు. నాలుగో నెల పోతే కల్లంలో ఉన్నాడు, సాయంత్రం రమ్మన్నాడు. సాయంత్రం పోయిన రాఘవులన్న గేటు దగ్గర గంటసేపు నిలబడి, చీకటి పడుతుంటే తిరిగొచ్చాడు. మర్నాడు టిక్కీ ఎత్తుకుంటూ నాతో అన్నాడు. "అక్కడ నిలబడే దానికంటే ఇది మోయడమే నయంరా."

ఆయన భార్య సామ్రాజ్యం వదిన నన్ను పిలిపించింది. "మీ అన్న ఎవరినీ గట్టిగా అడగడు వెంకయ్యా. నువ్వే ఏదో చూడు," అంది. మోకాళ్లకి రాసిన తైలం వాసన ఇల్లంతా ఉంది.

నేను ఉదయశ్రీని అడిగి బండి నంబరు కాయితం మీద రాసుకుని సత్తెనపల్లిలో ఒక నెట్ సెంటర్‌కి పోయాను. అక్కడి కుర్రాడు నంబరు కొట్టగానే నాలుగు జరిమానాలు వచ్చాయి. అన్నీ రాఘవులన్న పేరునే. సీటు బెల్టు లేదని రెండు, బీమా లేదని ఒకటి, ఎర్రలైటు దాటాడని ఒకటి. చివరి దానికి ఫొటో ఉంది. చీరాల టౌన్లో తీసింది. వెనక నుంచి బండి, నంబరు సాఫుగా కనిపిస్తోంది. పైన తాళ్లతో కట్టిన వెదురు గంపలు ఉన్నాయి. కుర్రాడు దాన్ని పెద్దది చేసి చూపించాడు. గంపల నిండా ఎండు చేపలు.

చీరాలలో ఎండు చేపలంటే వాడరేవు నుంచే రావాలి. ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. వాడరేవు ఒడ్డున వలల మీద చేపలు ఎండబోసి ఉన్నాయి. పక్కనే టౌను నుంచి వచ్చిన వాళ్లు సెల్ఫీలు దిగుతున్నారు. మేం ఎక్కువ వెతకనక్కర్లేకపోయింది. ఒక పాక పక్కన తెల్ల ఓమ్నీ నిలబడి ఉంది. ఇప్పుడది తెలుపు కాదు. ఉప్పుగాలికి కిందంతా తుప్పు తినేసింది. వెనక సీట్లు తీసేసి గంపలు పెట్టారు. రాఘవులన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. సంతలో గొడ్డుని చూసినట్టు చూశాడు.

లోపల్నుంచి నలభై ఏళ్ల మనిషి వచ్చాడు. పేరు మాలిక్. ఇక్కడ ఎండు చేపలు కొని చీరాల, వేటపాలెం సంతల్లో అమ్ముతాడట. నేను సంగతి చెప్పడం మొదలుపెట్టానో లేదో, "రాఘవులు గారంటే మీరా?" అని నులకమంచం వాల్చాడు.

"ఆరేళ్ల నుంచి మీ పేరు చెప్పుకునే బతుకుతన్నా మావా. ఎవరు ఆపినా రాఘవులు మా మేనమామ అంటా. సాయిబుకి రాఘవులు మేనమామ ఏందయ్యా అని నవ్వి వదిలేస్తారు."

రాఘవులన్న కూడా నవ్వాడు. మాలిక్ భార్య షిరీన్ టీ తెచ్చింది. ఆర్సీ గురించి అడిగితే, తుఫానప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చి ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ పోయాయని చెప్పాడు. పైన సంచిలో ఉన్న ఫారాల కట్ట మాత్రం మిగిలింది. తెచ్చి చూపించాడు. పసుపు పచ్చగా మారిన కాయితాలు, అన్నిటి కిందా రాఘవులన్న సంతకం. పైన అన్నీ ఖాళీలే. ఒక్క గడి కూడా ఎవరూ నింపలేదు.

మరి నీ పేరున మార్చుకోవచ్చుగా అని నేను అడిగాను. దాంతో మాలిక్ నవ్వు పోయింది.

"మాకూ కార్డుందన్నా. మా ఉజ్మా ఇంజనీరింగు రెండో ఏడు. కారు నా పేరున పడితే కార్డు పోద్ది, కార్డు పోతే దాని ఫీజు నేను కట్టాల. చేపలమ్మి కట్టేదా అది? రెండేళ్లు ఆగండి మావా. పిల్ల చదువు అయిపోగానే నేనే మార్పించుకుంటా."

రాఘవులన్న సరేనంటాడని భయపడ్డాను. అనలేదు గానీ, కాదనీ అనలేదు. చూద్దామన్నాడు. మాలిక్ కిలో ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి ఇచ్చాడు. తిరుగు బస్సులో, "ఆడపిల్ల చదువురా," అన్నాడు రాఘవులన్న. నాకు ఒళ్లు మండింది. రెండేళ్లు ఎవరు మోస్తారు టిక్కీలు, నువ్వా ఆ పిల్లా అన్నాను.

ఇంకో దారి ఉందని నాకు తోచింది. వీరబాబు గారికి ఇప్పుడు తెల్లకార్డు లేదు, ఎప్పుడో తీసేశారు. ఆయన పేరున రెండు కార్లున్నాయి. మూడోది పడితే ఆయనకి పోయేదేం లేదు. మాలిక్ బండి వాడుకుంటాడు, పింఛను వస్తుంది, ఆ పిల్ల చదువూ ఆగదు. ఇది చెబితే రాఘవులన్న మొహం కళకళలాడింది. తెల్లారగానే పోయాం.

వీరబాబు గారు వరండాలో కాఫీ తాగుతున్నాడు. బండి దొరికిందని చెబితే సంతోషించాడు. పేరు మార్చుకోమనే సరికి గ్లాసు కింద పెట్టాడు.

"నా పేరునా? ఎవడో చేపలోడు తోలే బండా? బీమా కూడా లేదంటన్నారు. రేపు వాడు ఎవణ్ణన్నా గుద్ది చంపితే కోర్టుల చుట్టూ నేను తిరగాల్నా?"

రాఘవులన్న నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా ఆ ఇంట్లో ఆయన కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. గొంతు పెంచకుండానే అన్నాడు.

"ఇన్నాళ్లూ ఎవరు తిరగాలనుకున్నారు బాబుగారూ?"

వీరబాబు గారు లోపలికి చూసి ఎవరినో పిలిచాడు. ఎవరూ రాలేదు. మేం బయటికి వచ్చేశాం. ముప్పై ఏళ్లలో ఆయన ఆ ఇంట్లో అడిగిన ప్రశ్న అదొక్కటే అనుకుంటా. అడిగినందుకు సంతోషించాడా అంటే అదీ లేదు.

ఇంటికొచ్చాక నా ఫోన్లోంచి మాలిక్‌కి చేయించాడు. స్పీకర్ పెట్టమన్నాడు, చెవి దగ్గర పెట్టుకుంటే ఆయనకి సరిగ్గా వినపడదు.

"మాలిక్ గారూ, బండి తీసేయాలండి. తుక్కుకి ఇచ్చేద్దాం," అన్నాడు.

"రెండేళ్లన్నా గదా మావా," అన్నాడు మాలిక్.

"మీరు మంచోళ్లే. కానీ రోడ్డు మీద ఏదన్నా జరిగితే పోలీసులు మా ఇంటికొస్తారు. అది తెలిశాక నాకు నిద్ర పట్టదండి. నా వల్ల కాదు."

ఆయన 'నా వల్ల కాదు' అనడం నేను వినడం అదే మొదటిసారి. మాలిక్ కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఈ వారం సంత అయ్యాక తెస్తానన్నాడు. బండి తన దగ్గరుంది, ఇవ్వనంటే మేం చేసేదేం లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

తుక్కుకి ఇవ్వాలన్నా ఆర్సీ కావాలి, అది వచ్చాకే బండి తెమ్మని మాలిక్‌కి చెప్పాం. పోయిందని పోలీసు స్టేషన్లో రాసిచ్చి రసీదు తెచ్చుకోవాలని నెట్ సెంటర్ కుర్రాడు చెప్పాడు. బస్సులో పోయిందని చెప్పమని నేను దారిలో రెండుసార్లు వల్లె వేయించాను. స్టేషన్లో కానిస్టేబుల్ పుస్తకం తెరిచి ఎక్కడ పోగొట్టుకున్నావని అడిగాడు.

"నేను దాన్ని ఎప్పుడూ చూళ్లేదండి," అన్నాడు రాఘవులన్న.

కానిస్టేబుల్ పెన్ను ఆపాడు. "చూడందాన్ని ఎట్టా పోగొట్టావ్?"

నేను కాలు తొక్కాను. లాభం లేకపోయింది. పెద్దమ్మగారి ఆపరేషను దగ్గర్నుంచి వాడరేవు తుఫాను దాకా మొత్తం చెప్పేశాడు. కానిస్టేబుల్ విన్నాడు. విని, కారు నీదా కాదా, అదొక్కటి చెప్పమన్నాడు. నాది కాదంటే ఫిర్యాదు తీసుకోవడం కుదరదు. నాదంటే రాసుకుంటానన్నాడు. ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మన్నాడు. ఆ రోజు అలాగే వచ్చేశాం. ఆ రోజు కూలీ కూడా పోయింది.

మర్నాడు మళ్లీ పోయాం. కానిస్టేబుల్ మమ్మల్ని చూసి, "చెప్పు, కారెవరిది?" అన్నాడు.

రాఘవులన్న తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "నాదేనండి. తుఫాన్లో కాయితాలు పోయినయ్యి," అన్నాడు. అబద్ధం కూడా కాదు, కాయితం ప్రకారం అదే నిజం. కింద సంతకం పెట్టమంటే ఒక్కో అక్షరం ఆగి ఆగి పెట్టాడు. పెట్టే ముందు, పైన రాసిందంతా నన్ను చదివి వినిపించమన్నాడు. కానిస్టేబుల్ విసుక్కున్నా నేను చదివాను.

ఆ రసీదు, నోటరీ కాయితం, జరిమానాలు కట్టిన చీటీలు పట్టుకుని నాలుగుసార్లు రవాణా ఆఫీసు చుట్టూ తిరిగితే నెలన్నరకి ఆర్సీ నకలు వచ్చింది. జరిమానాలు మాలిక్ కట్టాడు, తోలింది నేనేగా అన్నాడు. రాఘవులన్న ఆ కార్డు మీద తన పేరు వేలితో చూపించి, ఇదేనా అని అడిగాడు. ఇదే అన్నాను. ఓహో అన్నాడు.

అనుమతున్న తుక్కు యార్డు గుంటూరు దాటాక ఉంది. మాలిక్ తెల్లవారుజామునే బండి తీసుకుని సత్తెనపల్లి వచ్చాడు. లోపలంతా కడిగాడు. "రెండుసార్లు సర్ఫేసి రుద్దినా వాసన పోలా మావా," అని తలుపు తీశాడు. రాఘవులన్న ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన ఆ బండి ఎక్కడం అదే మొదలు. బెల్టు పెట్టుకోవడం మాలిక్ చూపించాడు. నేను వెనక గంపలుండే చోట చతికిలబడ్డాను. దారంతా వాళ్లిద్దరూ చేపల ధరల గురించి, మిర్చికి పట్టిన తామర పురుగు గురించి మాట్లాడుకున్నారు. బండి గురించి ఒక్క మాట లేదు.

యార్డులో తూకం వేశారు. కాయితాలు చూశారు, ఓనరెవరని అడిగితే రాఘవులన్న చెయ్యెత్తాడు. నంబరు ప్లేటు విప్పుతుంటే మాలిక్ అటు తిరిగి బీడీ ముట్టించాడు. తుక్కు డబ్బు ఓనరు బ్యాంకు ఖాతాకే వేస్తామన్నారు. వారం తర్వాత పడింది. రాఘవులన్న దాన్ని మొత్తం తీసి మాలిక్‌కి పంపించాడు. నేను గొడవ పడ్డాను. బస్సు చార్జీలు, నోటరీ, పోయిన కూలీ రోజులు ఏకరువు పెట్టాను. ఆయన విన్నాడు. "బండి కొన్నది అతనురా," అన్నాడు. అంతే. మాలిక్ ఆ డబ్బుకి ఇంకొంత అప్పు కలిపి పాత గూడ్సు ఆటో కొన్నాడు. అది కార్డుకి అడ్డం రాదట. ఈసారి సొంత పేరున రాయించుకున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఆటో మైలేజీ లేదని, పాపం నీదే మావా అని తిడతాడు.

యార్డు వాళ్లిచ్చిన సర్టిఫికెట్ రవాణా ఆఫీసులో ఇచ్చాం. పేరు తీయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఉదయశ్రీ ప్రతి వారం నంబరు కొట్టి చూసేది. ఒక శుక్రవారం ఆ గడి ఖాళీగా వచ్చింది. పింఛను దరఖాస్తు ఆ రోజే పెట్టాం. మంజూరు అయ్యేదాకా రాఘవులన్న పనికి వస్తూనే ఉన్నాడు. ఆ మధ్యలో వీరబాబు గారు ఒకసారి కోల్డ్ స్టోరేజీకి తన మిర్చి తెచ్చాడు. ఆ టిక్కీలూ మేమే దించాం. ఆయన రాఘవులన్నని పలకరించాడు, బాగున్నావా అన్నాడు. బాగున్నానండి అని టిక్కీ ఎత్తుకుని లోపలికి పోయాడు.

ఒకటో తారీఖు పొద్దున పింఛను ఇంటికొచ్చింది. వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెట్టారు. ఆ మధ్యాహ్నం సామ్రాజ్యం వదిన మాకందరికీ అన్నం క్యారేజీలు పంపింది, ఆయన రాలేదు. మా ముఠా మేస్త్రి పుస్తకంలో ఆయన పేరు కొట్టేసి, కొత్త మనిషి వచ్చేదాకా పదమూడు మందే పంచుకోండి అన్నాడు. ఆ సాయంత్రం రెండు లారీలు వచ్చాయి. కింద అరల టిక్కీలు కూడా మేమే మోశాం.